లీకుకు శంకుస్థాపన

"హెపటైటిస్‌లో బీ ఉంది, సీ ఉంది, ఈ దాకా ఉన్నాయి. మన నగరానికి వచ్చింది ఏ. ఇది మన పాలనకు దక్కిన గ్రేడు" అని మంత్రి గణేష్‌బాబు గారు ప్రకటించగానే, మా వార్డులో లేవగలిగినవాళ్లందరూ లేచి చప్పట్లు కొట్టారు. మిగతా అరవై మందీ పచ్చకామెర్లతో ఆస్పత్రిలో ఉండటంవల్ల ఆ భాగ్యానికి నోచుకోలేదు.

నేను శిలాఫలకాలు చెక్కేవాణ్ణి. మంత్రిగారి పేరు ఇప్పటికి రెండొందల రాళ్లమీద చెక్కాను. ఆయన తలరాతలో ఏముందో తెలియదు గానీ, రాతిలో మాత్రం చాలా ఉంది.

జబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో మున్సిపల్ ఫిట్టర్ ఏసురాజు గంటలో పట్టేశాడు. మా వీధి మొగలో మంచినీళ్ల పైపు అతుకు వదులై, పక్క కాలవలోని మురుగు లోపలికి పోతోంది.

"క్లాంపు బిగిస్తే చాలండి. పది నిమిషాల పని" అన్నాడు.

"పది నిమిషాల పనికి మంత్రిగారు రెండు గంటలు ఎలా మాట్లాడతారయ్యా?" అన్నారు ఏఈ ఉదయ్‌కుమార్ గారు. పైపు సంగతి పైపైన చూసే మనిషి కాదాయన. అప్పటికప్పుడు 'లీకేజీ నిర్మూలన పథకం, మొదటి దశ' అని పేరు పెట్టి, శంకుస్థాపన రాయి నాకు ఆర్డరిచ్చారు.

చేపలమ్మే సుబ్బాయమ్మ గంప దించి ఆయనకు అడ్డం నిలబడింది. "పెద్ద మనవడు అశోక్‌కి లివరు పాడైందన్నారండి, ఐసీయూలో ఉన్నాడు. చిన్న మనవరాలు బేబీకి ఇంకా కామెర్లు రాలేదు. ఆ పైపేదో ముందు బిగించేయండి బాబూ."

"ముందు బిగించేస్తే దేనికి శంకుస్థాపన చేస్తామమ్మా? అందాకా కాచుకు తాగండి."

"ఇంట్లో కాస్తున్నామండి. బడి కుళాయి ఎవరు కాస్తారండి?"

కాలేయానికి కాలయాపన గిట్టదని డాక్టర్లు అంటూనే ఉంటారు. పాపం, వాళ్లకి ప్రోటోకాల్ తెలియదు.

కడియం నుంచి లారీడు పూలకుండీలు దిగాయి. మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి, రెండు గంటలు మాట్లాడి, గునపం పట్టి మట్టిని ముట్టుకున్నారు. మిగతాది కూలీలు తవ్వారు. రాయి పాతే గోతిలో ఆ పైపు అతుకే బయటపడి నీళ్లు చిమ్మాయి. మంత్రిగారి పంచె తడుస్తుందని ఏసురాజు అలవాటు కొద్దీ గోతిలోకి దూకి క్లాంపు బిగించేశాడు.

బ్యాండు మేళం ఆగిపోయింది.

"ఏంటయ్యా ఇది?" అన్నారు మంత్రిగారు.

"బాగైపోయిందండి."

"అప్పుడేనా? మరి ప్రారంభోత్సవం ఎవరు చేస్తారు, మీ మావయ్యా?"

"కంగారుపడకండి సార్, యథాస్థితికి తెచ్చేద్దాం" అన్నారు ఏఈగారు. పాలన అంటే అదీ. బాగైపోయినదాన్ని కూడా వదిలిపెట్టరు.

"మళ్లీ వదులు చేస్తారా?" అంది సుబ్బాయమ్మ.

"శుక్రవారం ప్రారంభోత్సవం దాకానే కదమ్మా. మంత్రిగారే స్వయంగా బిగిస్తారు. అంత అదృష్టం ఏ పైపుకి పడుతుంది చెప్పు."

ఏసురాజు చెయ్యనన్నాడు. మెమో ఇస్తామన్నారు. రెండు నిమిషాల్లో బిగించినవాడికి వదులు చెయ్యడానికి అరగంట పట్టింది.

శుక్రవారం షామియానా వేశారు. పళ్లెంలో పట్టుగుడ్డ, పట్టుగుడ్డమీద వెండి స్పానరు. మంత్రిగారు రాలేదు. ఏఈగారు ఫోనులో కనుక్కుని వచ్చి మైకు అందుకున్నారు.

"పోయినసారి ఇక్కడికి వచ్చి వెళ్లినందుకే ఆయన్ని డాక్టర్లు కోప్పడ్డారట. వార్డులో కామెర్లు పూర్తిగా తగ్గాకే అడుగు పెట్టమన్నారట. తగ్గిన మర్నాడే వచ్చి బిగిస్తానని సభాముఖంగా చెప్పమన్నారు. మాట తప్పే మనిషి కాదు."

అందరం చప్పట్లు కొట్టాం. పోయినసారికన్నా చప్పుడు తగ్గింది. జనం తగ్గారు మరి. ప్రారంభోత్సవం రాయిమీద తేదీ చోటు ఖాళీగా ఉంచమని నాకు కబురొచ్చింది. ఉంచాను.

సాయంత్రం సుబ్బాయమ్మ బేబీని వెంటబెట్టుకుని నా కొట్టుకి వచ్చింది. ఆమెకి చదువు రాదు.

"ఎప్పుడని రాశారు బాబూ?"

ఖాళీ చోటు చూపించాను. ఆమె ఆ నునుపుని చేత్తో తడిమింది. తర్వాత పిల్లని గుమ్మంలోకి, వెలుతురులోకి లాక్కుని, కంటి రెప్ప పైకెత్తి చూసింది. రెండో కన్ను కూడా చూసింది.