పేడగుంత మీద శంకరలింగం

ఆ ఉదయం కాంచన సంచిలో రెండు చీరలు, దువ్వెన, దారిలో తినడానికి వేయించిన శనగలు సర్దింది. ఏదైనా మరిచిపోయానేమోనని మళ్ళీ అన్నీ బయటికి తీసి, మొదటి నుంచి సర్దింది. పుట్టింటి ఊరు పరదరామికి పోయే ఎద్దుబండి వాకిట్లో నిలిచి ఉంది.

"పొయ్యి రాజేసి మూడు దినాలాయ," అంది మొగుడితో. "ఉండే పేడంతా నీ గుంతకే పోసేస్తివి. ఇంట్లో పిడక ఒకటి లేదు. మద్యానానికి అన్నం ఉడక్కుంటే మా అమ్మోళ్ళింటికి పోతా. మళ్ళా రాను."

సుబ్బరాయులు గుడియాత్తంలో లుంగీలు నేసేవాడు. బొంబాయి మిల్లు పనికి పోయిన రోజుల్లో, కుళ్ళిన మురికిలోంచి వచ్చే ఆవిరితో దీపం వెలగడం కళ్ళారా చూసి వచ్చాడు. పెరట్లో గుంత తవ్వి, రెండు బర్రెల పేడ నీళ్ళలో కలిపి పోసి, పైన ఇనుప తొట్టి బోర్లించి, దాని నుంచి వంటింటికి గొట్టం లాగాడు.

"ఈ దినం మండకుంటే అడుగు. బండాయన్ని కొంచేపు ఉండమను," అని వంటింట్లో గొట్టం మూతి దగ్గర అగ్గిపుల్లలు గీస్తూ కూర్చున్నాడు. పదకొండు పుల్లలు అయిపోయాయి. నీలిమంట పుట్టినట్టే పుట్టి ఆరిపోతోంది.

పెరట్లో బర్రెలకు కుడితి పెడుతున్న కాంచన అత్త రాజాంబాళ్ కంటికి తొట్టి జానెడు పైకి లేచి కనిపించింది. నలభై ఏళ్ళు మగ్గం దగ్గర బతికిన మనిషి. ఏది వదులైనా రాయి కట్టి బిగించడమే ఆమెకు తెలిసిన వైద్యం. "నా కొడుకు పనిలో ఏనాడు బిగువుండాది!" అని గొణుక్కుంటూ మగ్గం రాళ్ళు తెచ్చి తొట్టి మీద పేర్చింది. అవి చాలవనిపించి రుబ్బురాయి కూడా ఎత్తి పెట్టింది.

వంటింట్లో మంట బుస్సుమని లేచింది. "మండతావుండాది కాంచనా!" అని సుబ్బరాయులు గంతేశాడు. కాంచన ఎసరు పెట్టి బియ్యం పోసింది.

పెరట్లో మాత్రం బరువుకు తొట్టి కిందికి దిగి, పక్క సందుల్లోంచి పేడనీళ్ళు ఉబికి, కాలువ వెంట వీధిలోకి పోయాయి. వీధి పొడవునా పొరుగింటి నేతగాడు శంకరలింగం తన ఎర్ర పడుగు నూలు సాగదీసి గంజి పెడుతున్నాడు.

"పోచ్చు! నా పడుగంతా పోయె!" అని అరుస్తూ ఆ భారీ మనిషి పెరట్లోకి దూసుకొచ్చాడు. మగ్గం రాళ్ళు గుంతలోకి, రుబ్బురాయి గోడకేసి విసిరాడు. అది రెండు ముక్కలైంది. వంటింట్లో మంట చచ్చింది.

సుబ్బరాయులు పరిగెత్తుకొచ్చాడు. తను రాళ్ళు పేర్చిన సంగతి తల్లి చెప్పింది. "రాళ్ళు తీసిందెవురు?"

"నేనే! పేడరంగు లుంగీలు ఎవురు కట్టేది, నీ బర్రెలా?"

"మామా, బరువుంటేనే కదా అది మండేది!"

ఇంతలో వంటింట్లోంచి కాంచన కేక వేసింది. "బియ్యం సగమే ఉడికినాయి! ఎవురన్నా దాని మీద కూసోండప్పా!"

ఆ వీధిలో అంత బరువు మరెవరికీ లేదు. తల్లీకొడుకులిద్దరూ శంకరలింగాన్నే చూశారు.

"పడుగు ఎట్లాగూ పోయింది మామా," అని సుబ్బరాయులు చేతులు జోడించాడు. "ఆవిరి పోయినా పేడనీళ్ళలో సత్తువ పోదు. గుంతలో ఉండేదంతా నీ మిరపతోటకే."

"మొదటి ముద్ద కూడా నాకే," అని శంకరలింగం తొట్టెక్కి కూర్చున్నాడు. అన్నం ఉడికింది. కాంచన చీరలు తీసి దండెం మీద వేసింది.

రాజాంబాళ్ మాత్రం విస్తరి ముట్టలేదు. "పరాయి మొగోడు కూసుంటే ఉడికే అన్నం నాకు గొంతు దిగదు," అని, పరదరామి బండిని పళ్ళికొండకు తిప్పించుకుని కూతురింటికి పోయింది. కార్తీకానికి శంకరలింగం మిరపతోట విరగకాసింది. ఆమెకూ ఒక గంప పంపారు.

రాజాంబాళ్ తిరిగి రాలేదు. 1913లో, సంక్రాంతి వచ్చే తై నెలలో, కట్టెల పొయ్యి మీద వండిన అన్నం తిని, పళ్ళికొండలోనే కన్నుమూసింది.