పార్సిల్ ముడి

ఆ ఉదయం తాతయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. మనవరాలి కప్పూ చెంచా వేరు, మనవడి కప్పూ చెంచా వేరు. అంతే. కూతురు మూడు రోజుల శిక్షణకు వెళ్తూ, అల్లుడు కూడా ఊళ్ళో లేకపోవడంతో, పిల్లలిద్దరినీ మొట్టమొదటిసారి తాతయ్యకూ అమ్మమ్మకూ అప్పగించింది. "ఈ మూడు రోజులూ సజావుగా గడిస్తే ఇకమీదట సెలవులన్నీ ఇక్కడే నాన్నా. లేదంటే మళ్ళీ ఆ క్రెష్షే" అని గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. ఆమె బస్సెక్కి గంట కాలేదు, నాలుగేళ్ళ చిన్నాడు తుమ్మాడు. తుమ్మినవాడు ఊరుకోక అక్క కప్పు అందుకుని నీళ్ళు తాగాడు.

అమ్మమ్మ గుండె గుభేలుమంది. "ఏమండీ, దాని ఎంగిలి వీడు, వీడి ఎంగిలి అది! ఇద్దరూ మంచమెక్కితే అమ్మాయికి ఏ మొహం చూపిస్తాం?"

"నువ్వు కంగారు పడకు. ముప్పై ఏళ్ళు పార్సిల్ ఆఫీసులో పనిచేసినవాణ్ణి. నేను గుర్తు కట్టిన సామాను దారి తప్పితే నా పేరు మార్చుకుంటా" అన్నాడు తాతయ్య. ఒకావిడ కుట్టుమిషను నాలుగు ఊళ్ళు తిరిగొచ్చిన సంగతి అమ్మమ్మకు తెలుసు గానీ, పిల్లల ముందు ఆయన పరువు తీయడం ఎందుకని ఊరుకుంది.

ముందు కప్పులకూ చెంచాలకూ నంబరు చీటీలు కట్టాడు. అక్కకి ఒకటి, తమ్ముడికి రెండు. "నాక్కూడా ఒకటే కావాలీ" అంటూ చిన్నాడు నేల మీద పడి దొర్లాడు. అమ్మమ్మకు మనసాగక రెండుని కొట్టేసి ఒకటి రాసింది. "రెండు సామాన్లకి ఒకే నంబరా!" అని తాతయ్య నెత్తి పట్టుకుని, చీటీలు పీకేసి, కుట్టుపెట్టెలోంచి దారాలు తీశాడు. అక్క చెంచా మెడకు ఎర్రది, తమ్ముడి చెంచా మెడకు ఆకుపచ్చది. కత్తెర వేస్తే తప్ప ఊడని పార్సిల్ ముడి. ముడి ఎలా వెయ్యాలో చిన్నాడికి నేర్పించాడు కూడా.

"ఒకరి కప్పులో ఒకరు తాగితే వీడి జలుబు తిన్నగా నీ దగ్గరికొచ్చేస్తుంది. తెలిసిందా?" అన్నాడు మనవరాలితో.

ఎనిమిదేళ్ళ పిల్ల కాసేపు ఆలోచించింది. "అంటే తమ్ముడి దగ్గర్నుంచి వెళ్ళిపోతుందా తాతయ్యా?"

"వెళ్ళిపోయి నీ మీద కూర్చుంటుంది." పిల్ల ఎంత శ్రద్ధగా వింటోందో అని తాతయ్య మురిసిపోయాడు.

అమ్మమ్మ వేడి వేడి పాలల్లో చాక్లెట్ పొడి వేసి, దారం కట్టిన చెంచాలతోనే కలిపి ఇచ్చింది. అప్పుడే కూతురు ఫోన్ చేస్తే ఆలుమగలిద్దరూ హాల్లోకి పరిగెత్తారు. "అంతా సవ్యంగా ఉందమ్మా, నువ్వు నిశ్చింతగా ఉండు" అని చెప్పి తిరిగొచ్చేసరికి కప్పులు ఇంచుమించు ఖాళీ.

పది గంటలకు పక్కింటి టీచరమ్మ తొంగిచూసింది. చిన్నాడు ఆవిడకు నాలుక చాపి వెక్కిరించాడు. "అయ్యో, నాలుక ఇంత ఎర్రగా ఉందేమిటండీ! మా స్కూల్లో ఒక పిల్లాడికి ఇలాగే మొదలై..." అంటూ గడియారం చూసుకుని, బడికి ఆలస్యమైందని వెళ్ళిపోయింది. మిగతా సగం వాక్యాన్ని తాతయ్య రకరకాలుగా పూర్తి చేసుకున్నాడు. ఒక్కటీ బాగా లేదు.

అమ్మమ్మ పిల్లాడికి దుప్పటి చుట్టింది. మిట్టమధ్యాహ్నం కావస్తున్న ఎండలో వాడికి చెమటలు పట్టాయి. "ఒళ్ళు కాలిపోతోందండీ!" నలుగురూ ఆటోలో పడి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

డాక్టరమ్మ దుప్పటి విప్పింది. సగం జ్వరం అక్కడే పోయింది. తడి దూదితో నాలుక తుడిస్తే దూది ఎర్రబడింది. "ఇది రోగం కాదండీ, రంగు. ఏం తాగాడు?"

తాతయ్యకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దాని వెనకే పార్సిల్ బుద్ధీ వచ్చింది. "వేడి పాలల్లో దారం రంగు దిగిందన్నమాట! ఎర్ర దారం అక్కది కదా! ఏదే, నువ్వు నోరు తెరువు."

ఆకుపచ్చ.

"నేను చెప్తూనే ఉన్నా, వీళ్ళు వినరని..." అని అమ్మమ్మ అందుకుంది.

"అమ్మగారూ, మీ నాలుకా ఎర్రగానే ఉంది" అంది డాక్టరమ్మ.

"అది... పిల్ల కప్పులో గుక్కెడు పాలు మిగిలాయి. పారబొయ్య బుద్ధి కాలేదు" అని అమ్మమ్మ కొంగుతో నోరు మూసుకుంది. తాతయ్య పెదవులు బిగించి కిటికీ వైపు చూశాడు. ముగ్గురూ బతిమాలాక తెరిచాడు. సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. "అడుగున చాక్లెట్ పొడి మిగిలిపోయింది. చెంచాలు నాకానంతే" అన్నాడు నీరసంగా.

అందరూ పగలబడి నవ్వుతుంటే పిల్ల ఒక్కర్తీ ఏడుపు లంకించుకుంది. "నేను కావాలనే తాగాను తాతయ్యా. తమ్ముడి జలుబు నేను తీసేసుకుంటే, అమ్మ వచ్చేసరికి వాడు బాగుంటాడు కదా. అప్పుడు మళ్ళీ మమ్మల్ని ఇక్కడికే పంపిస్తుంది."

ఈ మూడు రోజులూ గట్టెక్కాలన్న ఆరాటం తమ ఇద్దరిదే అనుకున్నాడు తాతయ్య. ఈ బుల్లి ప్రాణం తన ఆరోగ్యాన్నే పణంగా పెట్టిందని తెలిశాక పిల్లను ఒళ్ళోకి లాక్కుని, "జలుబు నాకివ్వరాదుటే, నేను బడికి పోయేవాణ్ణా?" అన్నాడు.

మూడో రోజు సాయంత్రం కూతురు వచ్చింది. చిన్నాడి ముక్కు శుభ్రంగా ఉంది. పిల్ల గంతులేస్తోంది. అమ్మమ్మ గుండ్రాయిలా ఉంది. తాతయ్య ఒక్కడే మూలన కూర్చుని, మఫ్లర్ చుట్టుకుని, తుమ్ము మీద తుమ్ము తుమ్ముతున్నాడు.

"పిల్లల్ని బాగా చూసుకున్నారు నాన్నా. సెలవులకి తప్పకుండా పంపిస్తాను" అంది కూతురు. "మిమ్మల్నే ఎవరూ చూసుకున్నట్టు లేదు."

ఆ మాట విన్న చిన్నాడు వంటింట్లోకి వెళ్ళి, తాతయ్య టీ చెంచాకు ఎర్ర దారమూ ఆకుపచ్చ దారమూ రెండూ కట్టి తెచ్చాడు. ముడి మాత్రం కత్తెర వేస్తే తప్ప ఊడలేదు.