మైనింగ్ ఇక్కడే ప్రారంభం

శనివారం ఉదయం వాసంతి పెట్టుకున్న పని చిన్నదే. పదింటికల్లా సెమినార్ హాలు నిండాలి. హైదరాబాదు కంపెనీ నుంచి వచ్చే ముజాహిద్‌ను వేదిక మీద కూర్చోబెట్టాలి. సాయంత్రానికి తన విద్యార్థుల్లో ఒకరికైనా ఉద్యోగం మాట ఆయన నోట పలికించాలి.

నరసరావుపేట నుంచి సత్తెనపల్లి వెళ్లే దారిలో ఉన్న ఆ ప్రైవేటు విశ్వవిద్యాలయంలో డేటా సైన్స్ విభాగం పెట్టి రెండేళ్లయింది. ఇంతవరకు ఒక్కరికీ ఉద్యోగం రాలేదు. ఈ కార్యక్రమం కూడా తుస్సుమంటే విభాగాన్ని ఎత్తేసి ఆ గదుల్ని హోటల్ మేనేజ్‌మెంట్ వాళ్లకు ఇచ్చేస్తామని డీన్ చెన్నకేశవరావు గారు మెత్తగా చెప్పారు. వాసంతి కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్. గదులు పోతే ఆమె కూడా పోతుంది.

తల్లిదండ్రులకు అర్థం కావాలని ఫ్లెక్సీ తెలుగులో వేయించాలన్నది డీన్ గారి పట్టుదల. పై వరుసలో ‘డేటా మైనింగ్’, దాని కింద ‘శిక్షణ ఇక్కడే ప్రారంభం’, ఆ కింద ‘విద్యార్థులకు అపార అవకాశాలు’ అని మూడు వరుసలు రాయించి రోడ్డు పక్కన కట్టించారు. రాత్రి వీచిన గాలికి ఎడమవైపు తాడు తెగింది. ఆ వైపు మూడో వంతు ఫ్లెక్సీ మడతపడి వెనక్కి పోయింది. తెల్లవారేసరికి మిగిలింది ‘మైనింగ్, ఇక్కడే ప్రారంభం, అపార అవకాశాలు’ మాత్రమే.

ప్రహరీ గోడకు ఆనుకుని మిరప పొలం ఉన్న వెంకట్రామయ్య దాన్ని ఒకసారి చదివి, సైకిలు దిగి ఇంకోసారి చదివాడు. పల్నాడులో మైనింగ్ అన్న మాటకు ఎవరూ నిఘంటువు చూడరు. సున్నపురాయి క్వారీల పక్క పొలాల మీద తెల్లటి దుమ్ము పేరుకోవడం అతను కళ్లారా చూసినవాడు. తొమ్మిదింటికల్లా ఊళ్లోని రైతులందర్నీ వెంటబెట్టుకుని గేటు ముందుకు వచ్చాడు.

అంతమందిని చూసి చెన్నకేశవరావు గారు పొంగిపోయారు. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులనుకుని చేతులు జోడించుకుంటూ ఎదురువెళ్లారు.

“ఏంది సారూ, తవ్వకం మొదలుపెడతన్నారంటగా?” అన్నాడు వెంకట్రామయ్య.

“ఇవాళే అండీ. ఇక ఏడాది పొడుగునా సాగుతుంది,” అన్నారు డీన్.

“ఎంత లోతుకి పోతారు?”

డీన్ గారికి గర్వం పొడుచుకొచ్చింది. “డీప్ లెర్నింగ్ దాకా పోతాం. మన జిల్లాలో ఇంకెవరూ అంత లోతుకి పోలేదు.”

“మరి మా పొలాలు?”

పంటల లెక్కల గురించి అడుగుతున్నాడనుకున్నారు డీన్. “మీ పొలాలవి కూడా తీసుకుంటాం. అసలు ముందు మీవే తీసుకోవాలని మా ఆలోచన.”

రైతులు మొహమొహాలు చూసుకున్నారు. తవ్వింది యాడ పెడతారని వెనకనుంచి ఎవరో అడిగారు. డీన్ గారు చూపుడువేలు ఆకాశం వైపు చూపించి, అంతా క్లౌడ్‌లోకి పోతుందన్నారు. అందరూ తలలెత్తి చూశారు. ఎండ మండిపోతోంది. పైన మబ్బు తునక లేదు. ఈ మనిషితో మాట్లాడి లాభం లేదని తేల్చుకుని, వెంకట్రామయ్య తువ్వాలు పరుచుకుని గేటుకు అడ్డంగా కూర్చున్నాడు. మిగతావాళ్లూ కూర్చున్నారు.

సంగతి తెలిసి వాసంతి పరుగున వచ్చింది. తప్పు ఫ్లెక్సీదని చూడగానే అర్థమైంది. మడత విప్పి, తాడు బిగించి, మొత్తం కనిపించేలా నిలబెట్టి, ఇప్పుడు చదవండి బాబాయ్ గారూ అంది.

వెంకట్రామయ్య మొదటి మాట కూడబలుక్కుని చదివాడు. “డేటా. అదీ సంగతి. కంపెనీ పేరు దాచిపెట్టారన్నమాట.”

వాసంతి అతని ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఇది కంప్యూటర్ చదువని, గునపంతో పని లేదని నెమ్మదిగా చెప్పింది. పనికిరాని లెక్కల గుట్టలో దాగి ఉన్న విలువైనదాన్ని వెతికి పట్టుకోవడాన్నే మైనింగ్ అంటారంది. ఆ ఒక్క పోలిక చెప్పకుండా ఉంటే ఆ రోజు ఇంకోలా గడిచేది. గుట్ట, దాగి ఉన్నది, విలువైనది అన్న మూడు మాటలు తప్ప మిగతాదేదీ ఎవరి చెవినా పడలేదు.

గేటు ఎదుట టీ బంక్ నడిపే అక్తర్ బేగం గ్లాసులు కడగడం ఆపేసింది. “వజ్రాలా మేడమ్?” అంది చిన్నగా.

కాదని వాసంతి గట్టిగా అంది. అంత గట్టిగా కాదన్నారంటే తప్పకుండా వజ్రాలేనని అక్తర్ బేగం నమ్మింది. ఒకప్పుడు కొల్లూరులో రాజుల కిరీటాలకెక్కిన రాళ్లు దొరికాయని ఆ జిల్లాలో పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. ఆమె రెంటచింతలలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలు ఇంకెవరికో చేసింది. గంట తిరిగేసరికి ఆటోలు రావడం మొదలైంది. దిగిన ప్రతి మనిషి చేతిలోనూ సంచి, సంచిలో రాళ్లు. ఒకావిడ పచ్చడి రోలే ఎత్తుకొచ్చింది. విశ్వవిద్యాలయం వారు వజ్రాలు ఉచితంగా పరీక్షించి, ఉన్నవాళ్లకు ఉద్యోగం కూడా ఇస్తున్నారన్నది అప్పటికి వార్త.

ధర్నా పలచబడింది. ఒక్కో రైతూ ఇప్పుడే వస్తానని ఇంటికి వెళ్లి తువ్వాల్లో ఏదో చుట్టుకుని తిరిగొచ్చాడు. చివరికి వెంకట్రామయ్య ఒక్కడే మిగిలాడు. కాసేపు చూసి అతను కూడా లేచి, బోరు వేసినప్పుడు దొరికిన రాయొకటుందని ఎవరూ అడగకుండానే చెప్పి వెళ్లాడు.

ముజాహిద్ కారు జనంలో ఆగిపోయింది. ఆయన నడిచి గేటు దాకా వచ్చేసరికి రెండు జేబుల్లో రాళ్లు, దోసిట్లో రాళ్లు. మాచర్లలో పుట్టిన మనిషి కాబట్టి కంగారుపడలేదు. ఇదేం స్వాగతమని మాత్రం అడిగారు. డీన్ గారు హాలు తలుపు తీసి చూపించారు. కుర్చీలన్నీ నిండాయి, మెట్లు నిండాయి, కిటికీలు నిండాయి. డీన్ గారి కళ్లు చెమర్చాయి. హాలు నింపమన్నారు, నిండింది. ఎవరితో నిండాలో ఆయన చెప్పలేదు.

వాసంతి మైకు తీసుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇక్కడ వజ్రాలు లేవు, వెతకడం లేదు, అందరూ క్షేమంగా ఇళ్లకు వెళ్లండి అంది. జనం చప్పట్లు కొట్టారు. పక్కవాడు లేచిపోతాడని ప్రతివాడూ ఎదురుచూశాడు. ఎవడూ లేవలేదు.

అప్పుడామె తన విద్యార్థుల వైపు చూసింది. రెండేళ్లుగా ఆ పిల్లలు ఏ దేశంలోనో ఎవరో కొలిచిన పూలరేకుల లెక్కల మీదే సాధన చేస్తున్నారు. తమ చేత్తో తాము ఒక్క వస్తువునూ కొలిచి ఎరుగరు. ఎదురుగా జిల్లా రాళ్లన్నీ వరుసగా కూర్చుని ఉన్నాయి. ఆమె ముందు వరుసలోని అమూల్యను పిలిచి, ప్రతి రాయినీ ఫోటో తీయమని, తూయమని, రంగూ ఊరూ రాసుకోమని చెప్పింది. గీకిన చోట నిమ్మరసం పోసినప్పుడు బుడగలొస్తే సున్నం ఉన్నట్టేనని బళ్లో చదివింది గుర్తొచ్చి, అక్తర్ బేగం బంక్‌లోని నిమ్మకాయలన్నీ తెప్పించింది. పోలికకని ఆవరణలోని రాళ్లు కూడా నాలుగు ఏరించింది.

మధ్యాహ్నం భోజనాలు కూడా మరిచి పిల్లలు కొలిచారు. అమూల్య వివరాలన్నీ ల్యాప్‌టాప్‌కు ఎక్కించి, ఒకే రకం రాళ్లను ఒక గుంపుగా చేర్చే ప్రోగ్రాం నడిపింది. తెర మీద చుక్కలన్నీ ఒకే మూల కుప్పపడ్డాయి. అంతా సున్నపురాయేనని ఆమె భయపడుతూ చెప్పింది. ఒక్క చుక్క మాత్రం దూరంగా, ఒంటరిగా మెరుస్తోంది. అది వెంకట్రామయ్యది.

వెంకట్రామయ్య మెల్లగా తువ్వాలు భుజానికెక్కించుకున్నాడు. అక్తర్ బేగం ఆయనకు కుర్చీ వేసింది. ముజాహిద్ ఆ రాయి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసి, “పెద్దాయనా, ఇది సోడా సీసా అడుగు,” అన్నారు.

వెంకట్రామయ్య దాన్ని జాగ్రత్తగా తిరిగి చుట్టుకున్నాడు. “మీ మిషన్ ఇంకా చానా చదవాలి,” అని బయటికి నడిచాడు.

పిల్లలు చేతులు మురికి చేసుకుని పనిచేయడం తాను చూసిన మొదటి శిక్షణ ఇదేనని ముజాహిద్ మెచ్చుకున్నారు. అవకాశాల సంగతి కబురు చేస్తానని చెప్పి, జేబులు దులుపుకుని కారెక్కారు. ఆ సంతోషంలో డీన్ గారు ఏ రాయి ఎక్కడిదో, ఎందులో సున్నం ఎంత పొంగిందో చూపిస్తూ అమూల్య గీసిన పటాన్ని విశ్వవిద్యాలయం పేజీలో పెట్టించారు. అందరికన్నా ఎక్కువ బుడగలొచ్చింది తన ఆఫీసు ముందరి పూలతోట రాయికేనని కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పుకున్నారు.

ముజాహిద్ కబురు రాలేదు. మంగళవారం ఒక జీపు వచ్చింది. సిమెంటు కంపెనీ వాళ్లు ఆ పటం చూశారట. పూలతోటలో రెండు బోర్లు వేసి చూసుకుంటామని, రాయి బాగుంటే భవనాలకు పరిహారం ఇచ్చి వేరే చోటు చూపిస్తామని మర్యాదగా అడిగారు. ఇది చదువుల తల్లి కోవెల అని డీన్ గారు చెప్పబోయారు. పటంలో అలాంటి గుర్తేదీ లేదన్నారు వాళ్లు.

బుధవారం పొద్దున చెన్నకేశవరావు గారు అధ్యాపకులందరితో కలిసి గేటుకు అడ్డంగా బైఠాయించారు. వెంకట్రామయ్య గోడ మీదుగా చూసి, ఎండకు ఆగలేరని జాలిపడి మిరపకాయలు ఆరబోసే పట్టా ఒకటి తెచ్చి వాళ్ల తలల మీద కట్టించాడు. ఎలా కూర్చుంటే నడుం పట్టదో కూడా చూపించాడు.

ఆ పటం గీసిన పిల్ల కావాలని జీపువాళ్లు మంగళవారమే పోతూ పోతూ వాసంతితో అన్నారు. విభాగంలో మొదటి ఉద్యోగం అమూల్యకు అలా వచ్చింది. సిమెంటు కంపెనీ ఇచ్చిన నియామక పత్రాన్ని డీన్ గారు మైనింగ్ వ్యతిరేక శిబిరంలోనే, అందరి చప్పట్ల మధ్య ఆమెకు అందజేశారు.