చీపురు పోగుల పళ్లెం

ఆ మంగళవారం దో ఉన్‌సిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వంద పాళ్ల పాలియెస్టర్‌లో ఐదు పాళ్ల ద్రవ స్ఫటిక ప్లాస్టిక్ కలిపి, కరిగించి, మధ్యాహ్నానికల్లా పోగులు తీయాలి. రెండింటికి వచ్చే తాక్ బున్‌రే మేడమ్‌కి చూపించాలి. వీధులూడ్చే బండ్లకు చీపుళ్లు చేసే ఆ పెద్దావిడ, మామూలు పోగు నెల తిరక్కుండానే వంగిపోతోందని ఇప్పటికి రెండుసార్లు పెదవి విరిచి వెళ్లిపోయింది. ఈసారీ కాదంటే గూమి ఊళ్లోని ఆ చిన్న ప్రయోగశాల మూసేసి, ఉన్‌సిల్‌ని అమ్మకాల విభాగానికి పంపేస్తారు. కొత్తవాళ్లతో ఫోన్లో మాట్లాడాలంటేనే ఆమెకు చచ్చేంత భయం.

బాగా ఆరబెట్టిన పాలియెస్టర్ గింజల్ని తొట్టిలో పోసి, ఐదు పాళ్లకు సరిపడా స్ఫటిక ప్లాస్టిక్ ఒక డబ్బా కొలిచి వేసిందామె. వేడి ఎంతుందో చూడటానికి అటు వెళ్లగానే, యంత్రం నడిపే ఓక్ బాబాయ్ వచ్చాడు. కంగారులో ఈ పిల్ల మరిచిపోయి ఉంటుందని తనూ ఒక డబ్బా వేశాడు. కాసేపటికి విభాగాధిపతి మేంగ్ గారు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి, ఐదు పాళ్లకే గట్టిపడేది పదికి ఇంకెంత గట్టిపడాలి అని లెక్కేసి మరో డబ్బా వేశారు. వేసిన సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

పాలలా తెల్లగా రావాల్సిన పోగులు ఎండుగడ్డి రంగులో వచ్చాయి. గోటితో గీరితే నిలువునా నారలు లేస్తున్నాయి.

"ఇదేంటి బాబాయ్, ఇలా తగలడింది?"

"బాగానే ఉందిగా అమ్మాయీ! అతిథికి పెట్టమని మా ఆవిడ పంపిన ఎండు స్క్విడ్ చేప చీలికల్లా లేవూ?" అంటూ ఓక్ ఆ పళ్లెం తెచ్చి పోగుల పళ్లెం పక్కనే పెట్టాడు.

అంతలో మేంగ్ గారు పరుగున వచ్చారు. "మేడమ్ గంట ముందే దిగింది! టీ ఏదీ? పళ్లెం ఏదీ?" అని చేతికి అందింది పట్టుకుపోయారు.

మిగిలిన పళ్లెంలోంచి ఒకటి తీసి, సాగదీసి తెంపే యంత్రానికి బిగించింది ఉన్‌సిల్. మీట నొక్కీ నొక్కకముందే అది పుటుక్కుమంది. ఇంకొకటి బిగించింది. అదీ అంతే. అయిపోయింది, ఇక ఫోన్లే గతి అనుకుంటూ మొహం చేతుల్లో దాచుకుంది. వేళ్లు సముద్రం వాసన కొట్టాయి.

ఒక్క ఉదుటున లేచి సమావేశం గదికి పరుగెత్తింది. ఓక్ కూడా ఏమైందో తెలియకుండానే వెనకాల పరుగెత్తాడు.

తాక్ మేడమ్ బుగ్గ ఉబ్బి ఉంది. దవడ నెమ్మదిగా ఆడుతోంది.

"మొహమాటపడకండి మేడమ్, ఉల్లంగ్ దీవి స్క్విడ్ ఇది," అంటున్నారు మేంగ్ గారు.

"ఉప్పేదయ్యా?"

"ఆరోగ్యానికి మంచిదని తగ్గించారు."

"పావుగంటైంది, తెగట్లేదు."

"తాజాది మేడమ్! చూడండి," అని తనూ ఒకటి కొరికారు. టప్‌మని చప్పుడైంది. ఆయన పంటి తొడుగు టీ సాసర్లో పడింది.

"మింగకండి మేడమ్!" అని అరిచింది ఉన్‌సిల్. "అది... మీ చీపురు పోగు."

ఉన్‌సిల్ తల వంచుకుని నిలబడింది. తాక్ మేడమ్ పోగు నోట్లోంచి తీసి, రుమాలుతో తుడిచి, వంచి వదిలింది. అది టంగున నిటారుగా నిలబడింది.

"అక్రోటు కాయలు ఇప్పటికీ పళ్లతోనే పగలగొడతాను," అందావిడ. "నా పళ్లకి లొంగనిది రోడ్డుకి లొంగుతుందా? రెండు టన్నులు పంపండి. సరిగ్గా ఇదే పాళ్లలో. ఎంత కలిపారేంటి?"

"ఐదు," అంది ఉన్‌సిల్.

ఓక్ బాబాయ్ దగ్గాడు. "నేనూ ఒక డబ్బా వేశానమ్మా."

మేంగ్ గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "నేనూ."

తాక్ మేడమ్ వేళ్ల మీద లెక్కపెట్టింది. "పదిహేనన్నమాట. రాసుకో తల్లీ, మళ్లీ మరిచిపోతారు వీళ్లు."

ఉన్‌సిల్ రాసుకుంది. అంకె కింద రెండు గీతలు గీసింది.

సాయంత్రం నాణ్యతా పత్రం నింపడానికి మేంగ్ గారు కూర్చున్నారు. పరీక్షా సాధనం అన్న గడి దగ్గర చాలాసేపు ఆగి, చివరికి ఇలా రాశారు: "దంతాలు. వయసు డెబ్బై ఒకటి. పనితీరు సంతృప్తికరం."