గ్లెనిస్ పన్ను కేసు

ఆ ఉదయం గ్లెనిస్ ప్రాసర్ పెట్టుకున్న పని ఒక్కటే. టీ విరామంలో పన్ను ఆఫీసుకి ఫోను చెయ్యాలి. ఆవిడ లనెల్లి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. వృత్తి సంఘానికి ఏటా తన జీతంలోంచే సభ్యత్వ రుసుము కడుతోంది. ఉద్యోగానికి అవసరమైన సభ్యత్వం కనక దానిమీద పన్ను రాయితీ అడగొచ్చని, గడిచిన నాలుగేళ్ళకీ ఇస్తారని ఈ మధ్యే తెలిసింది.

అవతలి గొంతు సరిగ్గా వినిపించక ఆవిడ కేకలు పెట్టి మాట్లాడాల్సి వచ్చింది. "సంఘం రుసుము మీద పన్ను సంగతి, నాలుగేళ్ళదీ ఒకేసారి తేల్చుకుందామనండీ. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, తెలియక. ఆసుపత్రికి దీంతో ఏ సంబంధమూ లేదు. అంతా నేనే."

తలుపవతల రిసెప్షన్‌లో ఎయిర్వెన్ చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. మంచి మనిషే కానీ కడుపులో మాట దాగదు. క్యాంటీనులో ఒక్కరికే చెప్పింది. నాలుగేళ్ళ పన్ను ఎగవేత, పైవార్డుకి చేరేసరికి నాలుగేళ్ళ జైలయింది.

మధ్యాహ్నం క్యాంటీనావిడ అడక్కుండానే గ్లెనిస్ ఆపిల్ టార్టు మీద మరో గరిటె కస్టర్డు పోసింది.

"తిను తల్లీ. అక్కడేం పెడతారో ఏమో."

"ఎక్కడ?"

ఆవిడ కళ్ళొత్తుకుని పక్కకి తిరిగిపోయింది.

తరవాత మేనేజరు హావర్డ్ పిలిచి తలుపు వేశాడు. "నీలాంటి మనిషి ఇంతకి తెగించిందంటే తప్పు మాది, గ్లెనిస్. సంఘం రుసుముకి ఇబ్బంది పడుతున్నావట. ఈ ఏడాదిది ఆసుపత్రి తరఫున ఇప్పుడే కట్టేశాను."

గ్లెనిస్ కూలబడింది. "మీరు కడితే ఈ ఏడాదికి నాకు రాయితీ రాదండీ. ఆసుపత్రి పెన్నీ కూడా కట్టలేదని పొద్దున్న చెప్పాను. నేను చెప్పిన నిజాన్ని మధ్యాహ్నానికి అబద్ధం చేశారు."

"రాయితీనా? మరి జైలు?"

"ఏ జైలు?"

హావర్డ్ ముఖం ఎర్రబడింది. పన్ను ఆఫీసుకి తనే ఫోను చేసి చెబుతానన్నాడు. పాత నాలుగేళ్ళ రాయితీకి ఢోకా లేదు కనక గ్లెనిస్ కూడా తేలిగ్గా నవ్వేసింది.

ఆవిడ గది బయటికి వచ్చేసరికి మెట్ల మీద అలికిడి. పైవార్డు ఇడ్వల్ బెవన్. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి గ్లెనిస్ ఎంత బతిమాలినా "రేపు చూద్దాంలే" అంటూ కుర్చీ వదలని పెద్దమనిషి. పైజమాతోనే, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వచ్చేస్తున్నాడు.

"ఏ కాయితం మీదా సంతకం పెట్టకమ్మాయ్. మా అక్క కొడుకు లాయరు. నేనున్నాను."

గ్లెనిస్ ఆయన ముఖం చూడలేదు, మోకాలు చూసింది. అది ఎంత వంగాలని ఆవిడ కోరుకుందో అంతా వంగుతోంది. జైలుకి పోతుందనుకున్న మనిషి కోసం ఆ నొప్పంతా ఓర్చుకుని వచ్చాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"జైలూ లేదు, ఏమీ లేదు బెవన్ గారూ. ఎవరో పొరబడ్డారు."

"మరి నేనింత దూరం దిగానే! సరే, లిఫ్టులో పైకి పంపించు."

"లిఫ్టు పాడైందండీ" అంది గ్లెనిస్. వెనక లిఫ్టు తలుపులు తెరుచుకుని ఇద్దరు దిగారు.

ఆ రోజంతటిలో ఆవిడ చెప్పిన అబద్ధం అదొక్కటే.