తాయెత్తు కట్టిన మూడో పంపు

పెళ్లయి నలభై మూడు రోజులైంది. నౌషీన్ ఇంకా రోజులు లెక్కపెడుతూనే ఉంది. ఆ గురువారం పొద్దున ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండుకు అన్సర్‌కు ఆఫీసు మీటింగు, పన్నెండుకు ముగుస్తుంది, మధ్యాహ్నం సెలవు. రొట్టెలు, కోడికూర డబ్బాలో పెట్టుకుని స్కూటరెక్కితే గండికోట. జమ్మలమడుగు దాటాక ఒకచోట ఆగి చెరుకురసం తాగాలి. అందులో నిమ్మకాయ పిండించాలన్నది కూడా ఆమె రాత్రే నిర్ణయించేసింది.

అన్సర్ ఉద్యోగం సముద్రంలో. కూర్చునేది మాత్రం ప్రొద్దుటూరులో, మేడ మీది గదిలో. ఒడ్డుకు చాలా దూరంలో, నీళ్ల నడుమ గ్యాసు తీసే ఒక ఇనుప వేదిక ఉంది. దాని మీది ప్రతి పంపుకూ బిస్కెట్టంత సెన్సర్ ఒకటి అయస్కాంతంతో అతుక్కుని ఉంటుంది. పంపు ఎంత ఊగుతోందో, ఎంత వేడెక్కిందో అది చెబుతుంది. ఆ గీతలు చూసి, ఏ పంపు ఎప్పుడు మొరాయించబోతోందో అన్సర్ ముందే చెప్పాలి.

"మా ఆయన ఈడ కుర్చీలో కూసోని, సముద్రంలో మిషనుకు జరమొస్తే చెప్పేస్తారు" అని నౌషీన్ వీధి వీధంతా చెప్పి వచ్చింది. చెప్పనిది ఒక్కటే. ఇంట్లో కూర్చుని చేసే ఈ పద్ధతికి కంపెనీ మూడు నెలల గడువు పెట్టింది. ఆ గడువు ఈ రోజుతో సరి. కాకినాడ ఆఫీసులోని లక్ష్మీప్రియ మేడానికి తృప్తి కలగకపోతే అన్సర్ ఆ వేదిక మీదికే వెళ్లాలి. వెళితే ఒక్కో విడత ఇరవై ఎనిమిది రోజులు. నలభై మూడు రోజుల పెళ్లికూతురికి ఇరవై ఎనిమిది రోజులంటే ఎంతో ఏ లెక్కల మాస్టారూ చెప్పలేడు.

తొమ్మిదింటికి పక్కింటి సంజీవమ్మ గోడ మీదుగా తల పెట్టింది.

"ఓ పాపా! మా మేక ఈ పొద్దో రేపో ఈనేట్టుండాది. పోయిన తూరి పిల్ల అడ్డం తిరిగి సచ్చిపాయ. నాకు గుండె దడదడ అంటాంది. మీ ఆయన మిషన్లకే నాడి చూస్తాడంటివే, నా మేకకు చూడడా?"

నౌషీన్‌కు కాదనడం చేతకాదు. పైగా భర్త గొప్పతనం చాటే అవకాశం. అన్సర్ స్నానానికి వెళ్లాడు. బల్ల సొరుగులో పరీక్షల కోసం కంపెనీ పంపిన సెన్సర్ ఒకటి ఉంది. పోయిన వారం అన్సర్ దాన్ని ఆమె చేతికి కట్టి మెట్లెక్కించి, తెర మీద ఆమె పరుగును గీతగా చూపించాడు. ఆ గీతను చూసి ఆమె సగం పూట మురిసిపోయింది. ఆ రోజే అలారం మోగుతుందో లేదో చూడాలని అతను దానికి వేదిక మీది మూడో పంపు పేరు పెట్టాడు. ఒకే పేరుతో రెండుంటే, అలారం కొట్టిన దాన్నే తెర చూపిస్తుంది. వెంటనే మార్చేవాడే, కానీ ఆమె టీ తెచ్చింది. కొత్త పెళ్లికొడుకులు మరిచిపోయే వాటిలో ఇది చిన్నదే.

మీటింగు కాగానే మేక నాడి చూపిద్దామనుకుని, నౌషీన్ సెన్సర్‌ను నల్లగుడ్డ సంచిలో కుట్టి, నల్లదారంతో మేక మెడకు కట్టింది. సంజీవమ్మ ఆ సంచిని భక్తిగా కళ్లకద్దుకుంది.

"దర్గా తాయెత్తా పాపా? సల్లగుండు తల్లీ!"

"అది తాయెత్తు కాదవ్వా..." అని నౌషీన్ మొదలుపెట్టింది గానీ, అవతల కూర మాడుతున్న వాసన వచ్చింది.

పదకొండుకు మీటింగు మొదలైంది. నౌషీన్ వంటింట్లో రొట్టెలు కాలుస్తూ మెట్ల వైపు ఒక చెవి వేసి ఉంచింది. లక్ష్మీప్రియ మేడం గొంతు ల్యాప్‌టాప్‌లోంచి గంటలా వినిపిస్తోంది.

"మన మూడో పంపు చూడండి అన్సర్ గారూ. వరసగా మూడు నెలలు ఉత్తమ యంత్రం పత్రం దానిదే. మండుటెండల్లో కూడా వేడెక్కదండీ. అలాంటి పంపు... అయ్యో, ఏవిటండీ ఈ ఊగడం?"

అలారం కుయ్యిమంది. అన్సర్ వెంటనే వేదిక మీద పనిచేసే ఈశ్వర్‌కు ఫోన్ కలిపాడు. ఈశ్వర్‌ది కలమల్ల. కరెంటు ఫ్యాక్టరీలో పదేళ్లు పనిచేసి సముద్రానికి వెళ్లినవాడు.

"చెయ్యి పెట్టి చూసినా మామా. కొంచెం గరగర అంటాంది గానీ, బాగనే తిరుగుతాంది."

"చేతిని కాదండీ, తెరని నమ్మండి" అంది మేడం. "పంపు ఆపేయండి."

ఆపారు. తెర మీద పంపు ఊగుతూనే ఉంది.

"కరెంటు తీసేయండి!"

తీశారు. ఊగుతూనే ఉంది.

"విప్పేయండి!"

నలుగురు కలిసి పంపును ముక్కలుగా విప్పి నేల మీద పరిచారు. పరిచిన పంపు నిశ్చింతగా ఊగుతోంది.

"మామా, ఈడ బోల్టులు గూడా కదల్లే" అన్నాడు ఈశ్వర్ హడలిపోయి. "ఆడ ఎట్ల ఊగుతాంది?"

"యాభై సెకన్లు ఊగుతాంది, ఐదు సెకన్లు ఆగుతాంది, మళ్లా యాభై" అన్నాడు అన్సర్. "వేడి ముప్పైతొమ్మిది. ఎంతసేపున్నా ముప్పైతొమ్మిదే!"

"చూడండీ" అంది మేడం చల్లగా. "విప్పిన పంపు ఊగుతోందంటే పంపుకి దెయ్యం పట్టుండాలి, లేదా మీకు పని రాకపోయుండాలి. సోమవారం హెలికాప్టర్‌లో మీరే వెళ్లి తేల్చండి. ఇరవై ఎనిమిది రోజులుంటారు కాబట్టి తీరిగ్గానే తేల్చొచ్చు."

నౌషీన్ కాలుస్తున్న రొట్టె పెనం మీద నల్లబడింది. అయితే ఆమె డిగ్రీలో చదివింది జంతుశాస్త్రం. యాభై సెకన్లు నమలడం, మింగడం, ఐదు సెకన్లు ఆగడం, కడుపులోంచి మళ్లీ నోటికి తెచ్చుకోవడం. ముప్పైతొమ్మిది డిగ్రీల వేడి. ఆ పంపుకు దెయ్యం పట్టలేదు. నెమరు వేస్తోంది.

ఆమె పొయ్యి ఆర్పి పక్కింటికి పరుగెత్తింది. వేప నీడలో పడుకుని మూడో పంపు హాయిగా నములుతోంది.

"అవ్వా, తాయెత్తు విప్పల్ల! బిరీన!"

"విప్పేదేంది?" సంజీవమ్మ మేకకు అడ్డంగా నిలబడింది. "ఈనేలోపల తాయెత్తు తీస్తారా యాడన్నా? మీ అత్తనడుగు!"

"అది తాయెత్తు కాదవ్వా, మా ఆయన ఉద్యోగం!"

"అట్లయితే ఇంకా తీయగూడదు."

నౌషీన్ దారం పట్టుకుంది. సంజీవమ్మ నౌషీన్‌ను పట్టుకుంది. మేక ఇద్దర్నీ వదిలించుకుని చాకిరేవు బండ మీదికి, అక్కణ్ణుంచి నీళ్లతొట్టి గట్టు మీదికి, అక్కణ్ణుంచి కిందికి దూకింది.

"ఎర్రగీత దాటింది మేడం!" అని మేడ మీద అన్సర్ కేక.

"పేలిపోతుందండీ! అందర్నీ లైఫ్ జాకెట్లు వేసుకుని పడవల దగ్గరికి రమ్మనండి!"

సముద్రం నడుమ సైరన్ మోగింది. యాభై మంది నారింజరంగు జాకెట్లు తొడుక్కుని వరసగా నిలబడ్డారు. వాళ్లలో వంటవాడొకడు చేతిలో గరిటెతోనే ఉన్నాడు. ప్రొద్దుటూరులో మేక నీళ్లతొట్టి పక్కన మోకాళ్ల మీద కూలబడి అరిచింది.

"నొప్పులు పట్టుకున్యాయి!" అంది సంజీవమ్మ. "ఏం సూస్తాండావు పాపా, నీళ్లు తే!"

నౌషీన్ ఉద్యోగం సంగతి మరిచిపోయింది. అరగంట తర్వాత ఒక పిల్ల, దాని వెనకే ఇంకొకటి. రెండూ అడ్డం తిరగలేదు. సంజీవమ్మ కళ్లు తుడుచుకుని తన చేత్తోనే నల్లదారం విప్పింది.

"దీని పనైపాయ. తీస్కపో."

నౌషీన్ ఒక చేత్తో సెన్సర్, ఇంకో చేత్తో తడి ఆరని మేకపిల్లతో మెట్లెక్కి తిన్నగా కెమెరా ముందు నిలబడింది.

"మేడం, ఆయన తప్పేం లేదు. నేనే మేకకు కట్టినా. మీరు పంపించాలంటే నన్ను పంపీండి."

మేడం కంటే ముందు మేకపిల్ల మాట్లాడింది.

"మేక!" అంది మేడం చివరికి. "యాభై మందిని పడవల దగ్గర నిలబెట్టింది మేకా అండీ?"

అన్సర్ భార్య వైపు చూడలేదు. తెర వైపే చూస్తున్నాడు. నౌషీన్‌కు ఏడుపు వచ్చేలా ఉంది.

"మేడం" అన్నాడు అతను మెల్లగా. "మేకకు కట్టిన సెన్సర్ ఆపేసినా. ఇంక ఆ పేరుతో మిగిలింది పంపు మీదుండే సెన్సర్ ఒక్కటే. అది ఏం చెప్తాందో చూడండి."

తెర మీద మూడో పంపు ఎప్పటిలాగే మెత్తగా, చల్లగా, ఉత్తమంగా తిరుగుతోంది. ముక్కలుగా విప్పి నేల మీద పరిచిన పంపు.

"ఈశ్వర్ మామా, ఆ పంపు మీది సెన్సర్‌ను ఫోటో తీసి పంపు."

పది నిమిషాలకు ఈశ్వర్ ఫోను వచ్చింది. "మామా, పంపు మీద సెన్సర్ లేదు. మూణ్ణెల్ల కింద రంగులేసేటోళ్లు పెరికి పక్కన పెట్టినారంట. వంటాయనకు దొరికింది. అయస్కాంతం గట్టిగుండాదని, ఈ పొద్దేం కూరో రాసిన కాగితానికి ఆనించి ఫ్రిజ్జు తలుపుకు అతికించినాడు. ఇంగోటి మామా, విప్పినాం కదా, లోపల బేరింగు పిండైపోయింది. ఇంకో వారముంటే పంపు పట్టేసేది."

ప్రతి సెన్సర్‌నూ స్వయంగా చేత్తో తాకి చూశానని మూడు నెలల కిందట కాగితం మీద సంతకం పెట్టింది మేడమే.

"అన్సర్ గారూ" అంది ఆమె, గొంతు బాగా తగ్గించి. "మీరు అక్కడే ఉండండి. మీ ఇల్లు వదలొద్దు. సోమవారం హెలికాప్టర్‌లో నేనే వెళ్తానండి."

తెర ఆరిపోయింది. అన్సర్ అప్పుడు భార్య వైపు తిరిగాడు. "పిల్లను నాకియ్యి" అన్నాడు. ఇచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, ముందుగా సెన్సర్ పేరు మార్చాడు. ఆ తర్వాత "కోడికూరుండాదా?" అని అడిగాడు.

గండికోటకు వాళ్లు సాయంత్రం వెళ్లారు. చెరుకురసంలో నిమ్మకాయ పిండించారు. లక్ష్మీప్రియ మేడం ఇరవై ఎనిమిది రోజులూ వేదిక మీద ఉండి అన్ని సెన్సర్లనూ చేత్తో తాకింది. మూడో పంపు పేరిట వచ్చిన మూడు ప్రశంసాపత్రాలనూ న్యాయంగా ఫ్రిజ్జు తలుపుకే అతికించారు. ఈసారి మాత్రం అయస్కాంతం కొని తెచ్చుకున్నారట.