కంపనాసుర మర్దనం

సకల నక్షత్రాలనూ తన వెలుతురులో ముంచేసి సూర్యుడొక్కడే గగనాధిపత్యం వెలగబెడుతున్న మధ్యాహ్నవేళ, కిటికీలు లేనిదీ, కాటుకవర్ణ కుడ్యపరివేష్టితమూ, నీలి పాదతొడుగులు ధరింపనివారికి ప్రవేశదుర్లభమూ అయిన ఒకానొక ప్రయోగశాలలో, అంతరిక్ష దూరదర్శినికి గురి నేర్పే ఇంజనీరు, తారాగ్రహణధురంధరుడు, త్రివర్షతపోదీక్షితుడు, పళ్లు నూరుతూ కూర్చుని ఉండెను.

దూరదర్శిని చెదరక నిలవాలంటే దారి చూపే ఒక చుక్కను పట్టుకుని వదలని కన్ను కావాలి. ఆ కన్నును నిర్మించినవాడీయనే. గది ఆ చివర సూదిబెజ్జమంత దీపమే నేటికి తార. తెరమీది వలయంలో ఆ చుక్క పది నిమిషాలు నిలిస్తే కన్ను గగనారోహణం చేస్తుంది. లేకుంటే, నాలుగింటికి వచ్చే పరీక్షకులు దాన్ని అటకెక్కించి పాతదాన్నే బిగిస్తారు.

చుక్క వణుకుతుండెను.

"అదృశ్యరూపా, కంపనాధమా, నీ జన్మస్థానం వెదికి నిర్మూలింపక ఈ ఆసనం విడువను" అని వీరుడు గర్జించెను.

"విడవకపోతే ఎలా వెదుకుతారు సార్?" అంది టెక్నీషియన్ అక్క.

విడువకుండానే వెదికించెను. లిఫ్టు ఆపించెను. ఫ్రిజ్ తీగ పీకించెను. పై అంతస్తులో కుర్చీ ఈడుస్తున్న గుమస్తామీద ఘాటైన ఉత్తరం రాసెను. చుక్క మాత్రం వణుకు మానలేదు.

మూడుంపావుకు, ఎంతటి ప్రతిజ్ఞకైనా లొంగని ప్రకృతిపిలుపు వల్ల ఆయన బాత్రూముకు వెళ్లి వచ్చి మళ్లీ కూర్చుండెను. అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"మీరు లేని నాలుగు నిమిషాలూ చుక్క కదల్లేదు సార్."

"తర్వాత?"

"మీరొచ్చి కూర్చున్నారు."

ఆయన తల వంచి చూసెను. కన్నును బిగించిన బల్లకింద, 'కాళ్లూపకురా' అని అమ్మ ఎన్నిసార్లు తిట్టినా లెక్కచేయని తన కుడి మోకాలు, సెకనుకు నాలుగుసార్ల చొప్పున తాండవమాడుతుండెను. తెరమీద చుక్కదీ అదే తాళం.

"మీరు బయటుండండి, నేను చూసుకుంటా."

"కుదరదక్కా. సంతకం పెట్టేవాడు కుర్చీలోనే ఉండాలని రూలు."

"ఎవరు పెట్టారా రూలు?"

"నేనే."

అంతట ఘోరసంగ్రామం మొదలయ్యెను. కుడికాలిని తొక్కిపట్టగా ఎడమది లేచెను. రెంటినీ పెనవేయగా బొటనవేలు తిరగబడెను. చేతులతో అదమగా భుజాలే ఊగసాగెను. మూడున్నర దాటెను. కోట్ల యోజనాల దూరాన చుక్కను నిలపబూనిన ఆ ధీరుడు, మూరెడు దూరంలోని మోకాలి ముందు ఓడి, గొంతు తగ్గించెను.

"అక్కా, ఆ పనిముట్ల పెట్టె నా ఒళ్లో పెట్టండి."

ఇరవై కిలోల ఇనుము ఒడిలోకి దిగెను. కాళ్లు తిమ్మిరెక్కెను, ముక్కు దురదపెట్టెను, చెమట కంట్లోకి జారెను. పది నిమిషాలు గడిచెను. చుక్క వలయం దాటలేదు.

నివేదికలో 'కంపనకారణం' అని ఒక గడి. లిఫ్టు అని రాసేయవచ్చు, లిఫ్టు వచ్చి కాదనదు. కలం ఓ క్షణం తటపటాయించి, 'ఇంజనీరు కుడి మోకాలు' అని లిఖించెను.

"ఎడమది కూడా రాయండి సార్" అంది అక్క.

రాసెను.

ఈ రీతిగా ఆ మహావీరుడు, ఒక పెట్టె సాయంతో, తన కాళ్లను తానే పది నిమిషాల పాటు జయించెనని ఎల్లలోకములూ ఎరుగుగాక.